కరువు మిగిల్చిన పిల్లలు: పండిత రమాబాయి ముక్తి సదనం

ఆరోగ్య విషయాలు చెప్పుకునే ఈ పుటలో అనాథ బాలికల సదనం చరిత్ర ఎందుకని మీకు అనిపించవచ్చు. కరువు, అంటువ్యాధి, అనాథత్వం మన దేశంలో తరచుగా ఒకదాని చేయి పట్టుకుని మరొకటి వచ్చినవే. కరువులో ఎందరు మరణించారో చరిత్ర గ్రంథాలు లెక్క చెబుతాయి. తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని ప్రాణాలతో మిగిలిన పదేళ్ల ఆడపిల్ల ఆ తరువాత ఏమైందన్న ప్రశ్నను మాత్రం అవి అరుదుగా అడుగుతాయి. ఆ ప్రశ్నను అడిగి, దానికి జవాబుగా ఒక ఊరంత సదనాన్ని నిర్మించిన మహిళ పండిత రమాబాయి.

ఆమె కథలో మన తెలుగు నేలకూ చోటున్నది. రమాబాయి 1858లో పశ్చిమ కనుమల అడవిలో, గంగామూలలో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే సంస్కృత పండితుడు. స్త్రీకి దేవభాష తగదన్న ఆనాటి కట్టుబాటును కాదని, భార్యకు స్వయంగా సంస్కృతం నేర్పినవాడు. ఆ తల్లే రమాబాయికి గురువు. పుణ్యక్షేత్రాలలో పురాణం చెబుతూ, భక్తులు ఇచ్చినదానితో ఆ కుటుంబం జీవించేది. 1870ల నాటి కరువు రోజులలో చేతిలోని సొమ్ము, ఇత్తడి పాత్రలు, ఒంటిమీది నగలు అన్నీ కరిగిపోయాయి. తిరుపతి ప్రాంతపు అడవిలో ఆకులు తిని, నీళ్లు తాగి రోజులు గడిపారు. కొద్దికాలంలోనే తండ్రి, తల్లి, అక్క ఒకరి తరువాత ఒకరుగా మరణించారు. రమాబాయి, అన్న శ్రీనివాసుడు మాత్రమే మిగిలి, కాలినడకన ఉత్తరాదికి సాగిపోయారు.

ఈ ఘట్టాన్ని ఆమె తరువాత స్వయంగా వ్రాసుకున్నారు. అందులో నన్ను ఆకర్షించిన అంశం ఒకటున్నది. తమ ఇంటి దుస్థితికి వానలు కురవకపోవడమే కారణమని ఆమె సరిపెట్టుకోలేదు. వేలాది శ్లోకాలు కంఠస్థంగా ఉన్నా, కూలికి పనికివచ్చే విద్య ఒక్కటీ తమకు రాదని, ఉన్నత కులంలో పుట్టినందువల్ల కాయకష్టం చేయడానికీ చేయి చాచడానికీ సిగ్గు అడ్డం వచ్చిందని ఆమె గుర్తించారు. ఇరవై ఏళ్ల తరువాత ఆమె సదనంలో మగ్గాలు, గానుగ, ముద్రణ యంత్రం ఎందుకు కనిపించాయో ఇక్కడే అర్థమవుతుంది.

మధ్య కాలాన్ని త్వరగా చెబుతాను. 1878లో కలకత్తా పండితులు ఆమె సంస్కృత ప్రజ్ఞకు ‘పండిత’, ‘సరస్వతి’ అనే బిరుదులిచ్చారు. 1880లో అన్న మరణించాడు. కులాంతర వివాహం చేసుకున్న భర్త బిపిన్ బిహారీ 1882లో కలరాతో మరణించాడు. చంకలో పసికందు మనోరమతో ఆమె వితంతువుగా మిగిలారు. ఆ ఏడాదే విద్యా విషయాలు విచారిస్తున్న హంటర్ కమిషన్ ఎదుట సాక్ష్యమిస్తూ, మన స్త్రీలు పురుష వైద్యుల ముందు నోరు విప్పలేక ప్రాణాలు పోగొట్టుకుంటున్నారని, స్త్రీలకు వైద్యవిద్య నేర్పాలని గట్టిగా కోరారు. తానే వైద్యం చదవాలనే ఉద్దేశంతో 1883లో ఇంగ్లండు వెళ్లారు. వినికిడి లోపం కారణంగా ఆ కోరిక తీరలేదు. అక్కడే ఆమె క్రైస్తవ మతం స్వీకరించారు. 1886లో ఆనందీబాయి జోషీ ఫిలడెల్ఫియాలో వైద్య పట్టా అందుకున్న సభకు హాజరయ్యారు. కొద్ది నెలలకే ఆనందీబాయి క్షయతో మరణించారు. ‘ది హై-కాస్ట్ హిందూ వుమన్’ అనే తన ప్రసిద్ధ గ్రంథాన్ని రమాబాయి తన తల్లి స్మృతికి అంకితమిచ్చారు. అమెరికాలో ఏర్పడిన సంఘం పదేళ్లపాటు విరాళాలు ఇస్తామని మాట ఇచ్చింది. ఆ ధైర్యంతో 1889లో బొంబాయిలో బాలవితంతువుల కోసం ‘శారదా సదన్’ తెరిచి, మరుసటి ఏడాది దానిని పుణెకు మార్చారు.

1896 చివరలో మధ్య పరగణాల కరువు వార్తలు పుణెకు చేరాయి. రమాబాయి తానే అక్కడికి వెళ్లారు. ప్రభుత్వ సహాయ శిబిరాలలో అస్థిపంజరాల వంటి పిల్లలను చూశారు. అంతకంటే ఆమెను కలవరపెట్టినది మరొకటి. దిక్కులేని ఆడపిల్లలను మాయమాటలతో తీసుకుపోయేవారు ఆ శిబిరాల చుట్టూ తిరుగుతున్నారు. మూడు వందల మందిని తీసుకురావాలని ఆమె నిశ్చయించుకున్నారు. చేతిలో అందుకు తగిన ధనం లేదు. అమెరికా సంఘం ఇచ్చిన పదేళ్ల గడువు కూడా దగ్గరపడింది.

ఆకలితో కృశించిన పిల్లకు అన్నం పెట్టడం చాలా సులభమని మీకు తోచవచ్చు. అది వైద్యశాస్త్రంలోని కఠినమైన పనులలో ఒకటి. చాలాకాలం పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా కడుపునిండా భోజనం పెడితే, రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం హఠాత్తుగా పడిపోయి గుండె ఆగిపోయే ప్రమాదమున్నది. రెండవ ప్రపంచయుద్ధం చివర, నిర్బంధ శిబిరాల నుండి బయటపడినవారికి ప్రేమతో పెట్టిన భోజనమే కొందరి ప్రాణం తీసిన తరువాత గాని వైద్యులు దీనిని సరిగా అధ్యయనం చేయలేదు. నేడు తీవ్ర పోషకలోపం ఉన్న పిల్లలకు మొదటి రోజులలో వంద మిల్లీలీటర్లకు 75 కిలోకేలరీలు మాత్రమే ఉండే పాలను కొద్దికొద్దిగా పడతారు. నిలదొక్కుకున్నాక వంద కిలోకేలరీల పాలకు మారుస్తారు. పైగా కరువులో పిల్లలను ఎక్కువగా బలిగొనేది ఆకలికంటే దాని వెంట వచ్చే విరేచనాలు, తట్టు, మశూచి వంటి జబ్బులు. విటమిన్ అనే మాటైనా పుట్టని రోజులలో, ఇవేవీ తెలియని దశలో, ఒక మహిళ వందల మంది రోగగ్రస్తులైన పిల్లల బాధ్యత నెత్తికెత్తుకున్నదని గమనించండి.

అదే సమయంలో పుణె మీద ప్లేగు విరుచుకుపడింది. 1896లో బొంబాయిలో మొదలైన వ్యాధి కొద్ది నెలలలోనే అక్కడికి చేరింది. కొత్తగా వచ్చే పిల్లలను నగరంలో ఉంచరాదని అధికారులు ఆంక్ష పెట్టారు. వ్యాధి నివారణ దృష్టితో ఆ ఆంక్షను తప్పుపట్టలేము. అయితే మూడు వందల మందిని ఎక్కడ ఉంచాలి? పుణెకు తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, రైలు మార్గం పక్కన ఉన్న కేడ్‌గావ్‌లో సదనం పోషణకు పండ్లతోట వేయాలని ఆమె అంతకుముందే కొంత భూమి కొన్నారు. ఆ పొలంలో తాత్కాలికంగా పాకలు వేయించి, బావులు తవ్వించి, పిల్లలను అక్కడికి చేర్చారు. అదే ‘ముక్తి సదన్’ అయింది. ఇరుకైన నగరం నుండి ఎండా గాలీ ఉన్న పొలానికి, సొంత బావి నీటికి మారడం ఆనాటి పరిస్థితులలో ఏ వైద్యుడైనా ఇచ్చే సలహాయే. ఆపద వల్ల జరిగిన మార్పు మేలు చేసింది.

1897 మే నెలలో ఆమె పత్రికకు వ్రాసిన ఉత్తరం ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం. పుణె ప్లేగు ఆసుపత్రిలోనూ, అనుమానితులను ఉంచే శిబిరంలోనూ యువతులకు రక్షణ లేదని, తన సంరక్షణలోని ఒక బాలికకు అక్కడ అన్యాయం జరిగిందని ఆమె బహిరంగంగా ఆరోపించారు. ప్లేగు అదుపు పేరిట సైనికులు ఇళ్లలో చొరబడి సోదాలు చేస్తున్న రోజులవి. నగరం అట్టుడికిపోతున్నది. మరుసటి నెలలోనే ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. రమాబాయి ఉత్తరం మీద బ్రిటిషు పార్లమెంటులో ప్రశ్న లేచింది. ఆమె మాటలు సరికాదని, తప్పుదారి పట్టించేవని బొంబాయి గవర్నరు లార్డ్ శాండ్‌హర్స్ట్ కొట్టిపారేశారు. ఆమె వెనక్కి తగ్గలేదు. పాలకులు తన మతస్థులే. విరాళాలిచ్చేవారిలో అధికులు విదేశీయులు. మౌనంగా ఉంటే సదనానికి లాభమే. అయినా వందల మందిలో ఒక్క పిల్లకు ఏమైందని ఆమె ప్రభుత్వాన్ని నిలదీశారు. సంరక్షకత్వమనే మాటకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు చరిత్రలో అంతగా కనబడలేదు.

1899–1900లో గుజరాత్ కరువు వచ్చినప్పుడు మరెందరో పిల్లలు చేరారు. సదనంలో సంఖ్య పదిహేను వందలు దాటింది. అంత పెద్ద సదనానికి కావలసిన ఉపాధ్యాయినులు, సంరక్షకురాళ్లు ఎక్కడి నుండి వచ్చారు? శారదా సదన్‌లో చదువుకున్న యువతులే చాలా భారం మోశారు. కొన్నేళ్ల క్రితం అత్తవారింటి మూలలో పడి ఉన్న బాలవితంతువు ఇప్పుడు కరువు పిల్లకు అక్షరాలు దిద్దిస్తున్నది. అమెరికాలో ఉండగా రమాబాయి ఆటపాటలతో చదువు చెప్పే కిండర్‌గార్టెన్ పద్ధతిని శ్రద్ధగా అభ్యసించారు. చిన్నపిల్లలకు ఆ పద్ధతిలో బోధన, పెద్దవారికి నేత, కుట్టు, పాడి, వ్యవసాయం, నూనె తీయడం, అచ్చుపని నేర్పారు. అక్షరాలు కూర్చడం నుండి యంత్రం నడపడం వరకు స్త్రీలే చేసేవారు. ఆమె మరాఠీలోకి అనువదించిన బైబిలు కూడా ఆ అచ్చుకూటంలోనే ముద్రణ పొందింది. పోషకలోపం, మశూచి ఆ రోజులలో ఎందరో పిల్లల చూపు తీసేవి. అంధబాలికలకు కుమార్తె మనోరమ బ్రెయిలీ లిపి నేర్పింది. చూపులేని పిల్లకు చదువెందుకని అడిగే కాలంలో ఇది చిన్న విషయం కాదు.

ఆమెను విమర్శించినవారూ తక్కువేమీ కాదు. శారదా సదన్‌లో మత బోధన ఉండదన్న మాటతో పిల్లలను చేర్పించిన పెద్దలు, కొందరు బాలికలు ఆమె ప్రార్థనలకు హాజరవుతున్నారని తెలిసి 1893లో చాలామందిని వెనక్కి తీసుకువెళ్లారు. తిలక్ తన పత్రికలో తీవ్రంగా వ్రాశారు. ముక్తి సదన్ ఆరంభం నుండీ బహిరంగంగా క్రైస్తవ సంస్థ. దిక్కులేని పిల్లకు ఆశ్రయంతోపాటు మతమూ ఇవ్వడం ఎంతవరకు న్యాయమన్న ప్రశ్న సరైన ప్రశ్నే. నా అభిప్రాయంలో, ఆ ప్రశ్న వేసినవారు ఆ పిల్లల కోసం మరో తలుపు తెరిచి ఉంటే దానికి ఇంకా బరువుండేది. తరువాతి కాలంలో ధోండో కేశవ కర్వే ఆ పని చేశారు. ఆయన రెండవ భార్య గోదూబాయి, అంటే ఆనందీబాయి కర్వే, శారదా సదన్ విద్యార్థినియే.

వైద్యుడిగా నాకు మరొక సందేహమున్నది. పదిహేను వందల మంది పిల్లలు ఒక్కచోట ఉంటే తట్టు, కండ్లకలక, గజ్జి వంటివి ఒకరి నుండి ఒకరికి పాకడానికి ఒక్క వారం చాలు. అంతకు మించిన లోటు మరొకటున్నది. ఆహారం, శుభ్రత అన్నీ ఉన్నా, ఎత్తుకుని మాట్లాడే మనిషి లేని శిశువులు ఎదుగుదల నిలిచి కృశించిపోవడాన్ని రెనే స్పిట్జ్ 1945లో వివరించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం జాన్ బౌల్బీ 1951లో సమర్పించిన నివేదిక, పిల్లకు తనదైన ఒక్క పెద్దమనిషి స్థిరంగా ఉండాలని తేల్చింది. పెద్ద పెద్ద ఆశ్రమాలు చిన్న చిన్న కుటుంబాల వంటి ఇళ్లుగా మారడానికి ఇటువంటి పరిశోధనలు దారి తీశాయి. 1897లో మూడు వందల మంది పిల్లలకు విడివిడిగా ఇళ్లు వెతకడం సాధ్యమయ్యే పని కాదు. నేడు ఆ సాకు చెల్లదు.

రమాబాయి 1922 ఏప్రిల్ 5న మరణించారు. మనోరమ అంతకు ముందు ఏడాదే తల్లి కళ్లముందే వెళ్లిపోయింది. కేడ్‌గావ్‌లో ఆ సంస్థ ఇప్పటికీ పనిచేస్తున్నది.

మీ ఊరిలోనూ ఏదో ఒక బాలల సదనం ఉండే ఉంటుంది. పుట్టినరోజునాడు అన్నదానం చేయడానికి మీలో చాలామంది వెళ్తుంటారు. ఈసారి వెళ్లినప్పుడు కొన్ని విషయాలు విచారించండి. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం ఆ సంస్థ నమోదై ఉన్నదా? ప్రతి పిల్లకూ విడిగా సంరక్షణ ప్రణాళిక వ్రాసి ఉంచారా? టీకాల వివరాలు, ఎత్తు, బరువు నమోదు చేస్తున్నారా? ఏ తరగతి చదువుతున్నారు, పద్దెనిమిదేళ్లు నిండాక ఎక్కడికి వెళ్తారు? అయినవారు ఎవరైనా ఉంటే, పిల్లను వారి దగ్గరే ఉంచి చదివించే ఆర్థిక సహాయం కోసం ప్రయత్నించారా? దిక్కులేని పిల్ల మీ కంటబడితే నేరుగా ఏ ఆశ్రమానికీ అప్పగించకండి. 1098కి ఫోన్ చేయండి. ఇరవై నాలుగు గంటలలోగా ఆ పిల్లను బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. అక్కడ మొదట వ్రాసేది ఆ పిల్ల పేరు.