ఎనుమాముల కాంటాకు ఎక్కని తుమ్మెద: ఓరుగల్లు పత్తి నేలల్లో పొలంగట్టు చరిత్ర

'బంబుల్‌బీ' అన్న మాటను తెలుగు చేయవలసి వచ్చినప్పుడు అనువాదకుల చేయి సహజంగానే 'తుమ్మెద' వైపు వెళ్తుంది. జీవశాస్త్రం ఈ సమీకరణాన్ని ఒప్పుకోదు. బంబుల్‌బీలు బాంబస్ ప్రజాతికి చెందినవి. ఒళ్ళంతా దట్టమైన నూగుతో చలి ప్రదేశాల్లో బతకడానికి అనువుగా ఉంటాయి. భారతదేశంలో వాటి ప్రధాన నివాసం హిమాలయ ప్రాంతం. ఓరుగల్లు మైదానంలో అవి లేవు. తెలుగువారు తుమ్మెద అని పిలుచుకున్నది జైలోకోపా ప్రజాతికి చెందిన పెద్ద నల్లని ఈగను. ఎండుకర్రను తొలిచి గూడు కట్టుకోవడం దాని లక్షణం. బంబుల్‌బీ రాణి, శ్రామికులు ఉన్న కుటుంబంగా బతుకుతుంది. కొందరు శ్రామికులు తిరిగి రాకపోయినా గూడు నిలబడుతుంది. తుమ్మెదకు అటువంటి వెసులుబాటు చాలా తక్కువ. సాధారణంగా గూటిని తొలిచేదీ, పుప్పొడి తెచ్చేదీ, గుడ్డు పెట్టేదీ ఒకే తల్లి. ఆ తల్లి దారి తప్పితే గూడు ఆగిపోతుంది. యూరప్ పొలాల్లో బంబుల్‌బీలపై జరిగిన పరిశోధనల ఫలితాలను తెలుగు నేలకు అన్వయించేటప్పుడు ఈ తేడాను మొదట గుర్తించాలి.

వరంగల్ నగరంలో భాగమైన ఎనుమాములలోని వ్యవసాయ మార్కెట్‌కు ఆసియాలో రెండవ పెద్ద మార్కెట్ అన్న పేరుంది. పత్తి, మిర్చి, పసుపు, మొక్కజొన్న, కంది, పల్లి అక్కడికి చేరుతాయి. అడ్తిదారు, ఖరీదుదారు, దడవాయి, హమాలీ చేతుల మీదుగా ప్రతి బస్తాకూ ఒక తూకం, ఒక ధర నమోదవుతాయి. ఆ సరుకు పండిన నేల చరిత్రను, ముఖ్యంగా పత్తి చరిత్రను, విత్తనం, పురుగుమందు, అప్పు అనే మూడు అంశాల చుట్టూ చెప్పడం పరిశోధకులకు అలవాటైంది. ఆ మూడూ నిజమే. అయితే చేనుకూ చేనుకూ మధ్య ఉన్న గట్టు ఆ కథనాల్లో అరుదుగా కనిపిస్తుంది. తుమ్మెద వైపునుంచి చూస్తే ఈ చరిత్రలో గట్టే ప్రధాన స్థలం. ఈ వ్యాసం దానిని పరిశీలిస్తుంది.

సాహిత్యంలోని రెండు తుమ్మెదలు

ఈ నేలకు తుమ్మెదతో పరిచయం పాతది. పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తన కాలపు జానపద గేయరీతులను పేర్కొంటూ తుమ్మెద పదాలను కూడా చెప్పాడు. ఒక పురుగు పేరుతో ఒక పాటల రీతి ఏర్పడి, శివకవి దృష్టికి వచ్చేటంతగా ప్రచారంలో ఉండడం సామాన్య విషయం కాదు. ఆ పక్కనే ఉన్న బమ్మెరకు చెందిన పోతన భాగవతంలో మధుపం రెండు విధాలుగా కనిపిస్తుంది. ప్రహ్లాదుడు తన భక్తిని చెప్పేటప్పుడు అది మందార పూల తేనె మరిగి మరొక పూవు జోలికి పోని నిష్ఠకు గుర్తు. దశమ స్కంధంలోని భ్రమరగీతల ఘట్టంలో గోపిక చేత నిందలు పడే భ్రమరం పూవు పూవుకూ మారే చపల స్వభావానికి గుర్తు.

ఈ రెండు చిత్రాలు పరస్పర విరుద్ధమని అనిపిస్తుంది. క్షేత్ర పరిశీలనలో రెండింటికీ ఆధారం ఉంది. తేనెటీగ ఒక విడత మేతకు వెళ్ళినప్పుడు ఎక్కువగా ఒకే జాతి పూలను సందర్శిస్తుందని అరిస్టాటిల్ కాలంలోనే గుర్తించారు. దీనిని పుష్పనిష్ఠ అనవచ్చు. అదే ఈగ ఆ పూల కాలం ముగిశాక మరొక జాతికి మారుతుంది. నెలల తరబడి బతికే తుమ్మెదకు ఈ మార్పు అనివార్యం. ఒకే పంట ఎంత విరగబూసినా కొన్ని వారాలే పూస్తుంది. మిగిలిన కాలమంతా దానికి వేరే పూలు కావాలి. ప్రహ్లాదుని మధుపాన్ని చేనులోనూ గోపిక భ్రమరాన్ని గట్టుమీదా వెతకాలి.

దారి తెలిసిన ప్రాణి

తేనెటీగ తనకు దొరికిన పూల దిక్కును, దూరాన్ని నృత్యం ద్వారా తోటివాటికి తెలియజేస్తుందని కార్ల్ ఫాన్ ఫ్రిష్ నిరూపించాడు. 1973లో ఆయన నోబెల్ బహుమతిని పంచుకున్నాడు. ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్ 1950లలో శ్రీలంకకు వచ్చి మన ప్రాంతపు తేనెటీగల నృత్యాలను పరిశీలించాడు. జుంటీగ తన పట్టు పైభాగంలోని బల్లపరుపు చోట, పూలున్న దిక్కునే నేరుగా చూపిస్తూ ఆడుతుందని తెలిసింది. తుమ్మెదకు ఈ నృత్యభాష లేదు. సూర్యుని స్థానం, చెట్టు, గుట్ట, గూటి చుట్టూ ఉన్న ఆనవాళ్ళు, వాసన, తన జ్ఞాపకం మాత్రమే దాని ఆధారాలు. ఈ ఆధారాలతో అది ఎంత దూరం పోగలదో చూపే ఉదాహరణ మహారాష్ట్రలో దొరికింది. జైలోకోపా ట్రాంక్వెబారికా అనే తుమ్మెద చంద్రుడు లేని రాత్రుల్లో సైతం చుక్కల వెలుగులో మేతకు వెళ్ళి గూటికి తిరిగి వస్తుందని హేమా సోమనాథన్, ఆమె సహపరిశోధకులు 2008లో ప్రకటించారు.

పొలాల మధ్య ఈగల దారిని నేరుగా గుర్తించే ప్రయత్నం ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో జరిగింది. జూలియట్ ఆస్బోర్న్ బృందం బంబుల్‌బీల వీపుమీద చిన్న యాంటెనాలను అమర్చి రాడార్‌తో అనుసరించింది. 1999లో వెలువడిన ఫలితాల ప్రకారం అవి గూటినుంచి సగటున 275 మీటర్ల దూరం, దాదాపు తిన్నగా వెళ్ళాయి. దగ్గరలోనే ఉన్న పూలను దాటిపోయినవి కూడా వాటిలో ఉన్నాయి. తెలిసిన చోటికే తిరిగి వెళ్ళే అలవాటు ఇక్కడ బయటపడింది. అలవాటైన దారి ఉన్న ప్రాణికి, నిన్న ఉన్న పొద ఈ రోజు లేకపోవడమంటే మేతతోపాటు ఒక ఆనవాలు కూడా పోవడమే.

చేను, గట్టు

తుమ్మెద బతుకుకు రెండు చోట్లు కావాలి: గూటికి ఎండుకర్ర, మేతకు ఏడాది పొడవునా పూలు. పాత ఓరుగల్లు పల్లెలో ఈ రెండూ అడిగి పెంచినవి కావు. గుడిసెలు, గూనపెంకుల ఇళ్ళ వెదురు వాసాలు, దూలాలు, కంచెల్లో పాతిన గుంజలు, చెరువు కట్టమీద ఎండిన కొమ్మలు గూళ్ళకు పనికివచ్చాయి. గట్లమీద తంగేడు, జిల్లేడు, అంచుల్లో మోదుగ ఉండేవి. జైలోకోపా జాతుల గూళ్ళు, మేత మొక్కల గురించి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఎ.జె. సోలమన్ రాజు తదితరులు విశాఖ ప్రాంతంలో చేసిన పరిశోధనలు తెలుగు నేలకు సంబంధించి ముఖ్యమైన ఆధారాలు.

తంగేడు విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తంగేడు పూవులో తేనె ఉండదు. పుప్పొడి తిత్తుల కొన రంధ్రాలలోంచే బయటికి రావాలి. తుమ్మెద పూవును పట్టుకొని తన ఛాతీ కండరాలతో కంపింపజేస్తే పుప్పొడి రాలుతుంది. ఆ ఝంకారాన్ని కవులు నాదంగా విన్నారు. తంగేడుకు అది సంతానోత్పత్తి సాధనం. తేనెటీగకు ఈ విద్య రాదు. బతుకమ్మలో పేర్చే, 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు గట్టుమీద నిలిచి ఉండడానికి తుమ్మెద వంటి ఈగలు కావాలి. పత్తి పూత, బతుకమ్మ కాలం కలిసే వస్తాయి.

పత్తిలో మొదటి పెద్ద మలుపు 1970. ఆ ఏడు సూరత్‌లో సి.టి. పటేల్ రూపొందించిన హెచ్-4 ప్రపంచంలో తొలి వాణిజ్య పత్తి హైబ్రిడ్. హైబ్రిడ్ విత్తనం తయారుచేయడానికి సాయంత్రం మొగ్గలోని కేసరాలను తీసివేసి, మరునాటి ఉదయం మరొక మొక్క పుప్పొడిని అద్దాలి. ఉమ్మడి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల విత్తన చేలలో ఈ పనిని ఎక్కువగా ఆడపిల్లల చేత చేయించారు. ఈగ చేయగల పనిని పిల్లల వేళ్ళకు అప్పగించిన ఈ ఘట్టం బాలకార్మిక చరిత్రలో నమోదైంది. పరాగసంపర్క చరిత్రలోనూ దానికి చోటుండాలి.

1980లలో కోస్తా రైతులు వరంగల్ ప్రాంతానికి వచ్చి కౌలుకు పట్టి, కొని పత్తి వేశారు. స్థానిక రైతులూ ఆ బాట పట్టారు. జొన్న, పెసర, కంది కలిసి ఉండే చేలు పత్తి చేలయ్యాయి. శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగుల మీద మందులు పెరిగాయి; 1997-98లో పంట దెబ్బతిని వరంగల్ రైతుల ఆత్మహత్యలు దేశమంతటినీ కలచివేశాయి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. కాయతొలుచు పురుగుకు కొట్టే మందు మొదట తగ్గినా రసం పీల్చే పురుగులకు వాడే మందు పెరిగింది. విత్తనానికే ఇమిడాక్లోప్రిడ్ పట్టించి అమ్మడం సాధారణమైంది.

ఈ రకపు మందుల ప్రభావం ఈగలను చంపడంతో ఆగదు. ఫ్రాన్సులో మికాయెల్ హెన్రీ బృందం తేనెటీగలకు సూక్ష్మ సంకేత చీటీలు అతికించి, ప్రాణం తీయని మోతాదులో థయామెథాక్సామ్ ఇచ్చి చూసింది. మందు తాకని వాటికంటే ఎక్కువ సంఖ్యలో ఈగలు గూటికి తిరిగి రాలేదని 2012లో ప్రకటించింది. అదే ఏడాది బంబుల్‌బీ గూళ్ళలో రాణుల సంఖ్య బాగా పడిపోయిందని మరొక బృందం ఇమిడాక్లోప్రిడ్ గురించి చూపింది. యూరోపియన్ యూనియన్ 2018లో ఈ వర్గపు మూడు మందులను ఆరుబయట వాడడాన్ని నిషేధించింది. ఒంటరి తల్లి అయిన తుమ్మెదకు దారి మరపు ఇంకా ఖరీదైనదని ఊహించడానికి కారణం ఉంది: అది జీవితకాలంలో పెంచే సంతానాన్ని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

అయినా తప్పంతా మందు మీద వేయడం చరిత్రను సులభం చేసుకోవడమే. మందు కొట్టని ఏడాది కూడా గట్టు తిరిగి రాలేదు. ట్రాక్టర్ల కోసం గట్లు సన్నబడ్డాయి, చేలు కలిశాయి. గుడిసెల స్థానంలో స్లాబు ఇళ్ళు వచ్చాయి; వాసం లేని ఇంట్లో మనిషికి సుఖం, తుమ్మెదకు చోటు లేదు. ఇందులో రైతును నిందించవలసినది ఏమీ లేదు. కూలి భారమైన చోట గడ్డిమందు గట్టుదాకా పాకింది. తెలంగాణ ప్రభుత్వం 2018లో గ్లైఫోసేట్ వాడకంపై ఆంక్షలు విధించింది. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఎనబావి గ్రామం రసాయనాలను పూర్తిగా విడిచిపెట్టి పేరు పొందింది. అటువంటి ఊళ్ళను చీడలు, ఖర్చు కోణంలో అధ్యయనం చేసినంతగా గట్ల కోణంలో చేయడం ఇక జరగవలసిన పని.

కంది సాక్ష్యం

పత్తి తన పుప్పొడితో తానే కాయగలదు కాబట్టి ఈగ లేమి అక్కడ వెంటనే బయటపడదు. కంది విషయం వేరు. కంది పూవు చిక్కుడు కుటుంబపు పూవు. కింది రెక్కను బరువైన ఈగ నొక్కితే కేసరాలు బయటికి వస్తాయి. పెద్ద తేనెటీగలు, ఆకు కత్తిరించే ఈగలు, తుమ్మెదలు ఈ పని చేస్తాయి. కంది కూడా స్వపరాగంతో కాస్తుంది. కానీ పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పురుష వంధ్యత్వం గల కంది మొక్కలను గుర్తించాక ఈగ పని బహిరంగమైంది. ఆ మొక్కకు స్వంత పుప్పొడి లేదు. ఈగ వస్తేనే కాయ. రాకపోతే ఖాళీ కొమ్మ. ఈ పద్ధతి మీద ఆధారపడి 1991లో విడుదలైన ఐసీపీహెచ్-8 ప్రపంచంలో తొలి వాణిజ్య కంది హైబ్రిడ్. అయితే వంధ్య వరుసల్లో సగం మొక్కలు పుప్పొడి ఉన్నవిగా పుట్టేవి. వాటిని పూతలో గుర్తించి పీకివేయవలసి రావడం వల్ల విత్తనం ఖరీదైంది. ఆ ఇబ్బంది లేని వంధ్య రేఖలను కె.బి. సక్సేనా బృందం అడవి కంది జాతి అయిన కజానస్ కజానిఫోలియస్ సాయంతో తయారుచేసింది.

పత్తి హైబ్రిడ్‌లో మనిషి చేతులు చేసిన పనిని కంది హైబ్రిడ్‌లో ఈగలకే వదిలారు. కాబట్టి విత్తన చేనును ఎక్కడ వేయాలి, పుప్పొడినిచ్చే వరుసలను వంధ్య వరుసల పక్కన ఎలా వేయాలి అన్న లెక్కలన్నీ ఈగ నడవడినిబట్టే వేస్తారు. పత్తి సాళ్ళ మధ్య అంతరపంటగా వేసే కంది, పత్తి పూత తగ్గే వేళకు పూస్తుంది. పత్తిని వదిలిన ఈగకు అది తర్వాతి మేత. ఆ రెండు పూతలకూ ముందు, వెనుక నెలల్లో ఈగను నిలబెట్టేవి గట్టుమీది తంగేడు, జిల్లేడు. ఎనుమాములలో కాంటా మీదికి వచ్చే కంది బస్తా ఆ నెలల్ని కూడా దాటి వచ్చినదే. దడవాయి చీటీలో వాటికి గడి లేదు.