బొగ్గు సీమలో ఋతువులు, పండుగలు

భూగర్భంలో పనిచేసే మనిషికి ఎండాకాలమేమిటి, వానాకాలమేమిటి? గని లోతున రాతి ఉష్ణోగ్రత ఋతువును బట్టి మారదు. ఉదయపు షిఫ్టుకూ రాత్రి షిఫ్టుకూ అక్కడ వెలుతురులో భేదం లేదు. ఐనప్పటికీ రామగుండం, గోదావరిఖని ప్రాంతాల బొగ్గుగని కార్మికుల పండుగలన్నీ వానల రాకపోకలనే అనుసరిస్తున్నవి. గడియారాన్ని బట్టి బ్రతికే కార్మికుడు పంచాంగాన్ని ఎందుకు వదలలేదు? దీనికి సమాధానం కొంత చరిత్రలోను, కొంత వాతావరణ శాస్త్రంలోను ఉన్నది.

ఈ సీమలోని బొగ్గు కూడ ఒకనాటి ఋతువుల సృష్టియే. పాతిక, ముప్పై కోట్ల సంవత్సరాల క్రితం, పెర్మియన్ యుగంలో, భారత భూభాగం గోండ్వానా అనే మహాఖండంలో భాగమై దక్షిణార్ధగోళంలో ఉండేది. హిమానీనదాలు కరిగిన పిమ్మట ఏర్పడిన చిత్తడి నేలలలో గ్లోసోప్టెరిస్ జాతి వృక్షాలు దట్టంగా పెరిగినవి. ఆ కాలపు శిలాజ కాండాలలో నేటి చెట్లలో వలెనే పెరుగుదల వలయాలు కనబడతాయి. అనగా చెట్టు ఒక ఋతువులో పెరిగి, మరొక ఋతువులో నిలిచిపోయేదన్నమాట. ఆ వృక్షాలు మట్టి క్రింద పూడి బొగ్గుగా మారినవి. ఆ పొరలు ప్రాణహిత, గోదావరి లోయలో సుమారు 350 కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉన్నవి.

1871లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో ఈ బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందినది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. 1945లో నిజాం ప్రభుత్వం దాని వాటాలలో అధిక భాగాన్ని కొన్నది. 1960 దశకంలో గోదావరిఖని గనుల పట్టణంగా పెరిగినది. అక్కడికి పనికోసం వచ్చినవారిలో ఎక్కువమంది వానపై ఆధారపడిన పల్లెలవారు. వారు గనిని ‘బాయి’ అని పిలిచారు. పొలంలో బావి ఎరిగిన వారికి ఆ పేరు సహజంగానే తోచినది. నాగలి పల్లెలో మిగిలినది కాని, కార్తెలు వారి వెంటనే వచ్చినవి.

కార్తె అంటే ఏమిటి? సూర్యుడు ఒక నక్షత్ర భాగాన్ని దాటడానికి పట్టే కాలం. నక్షత్రాలు 27, సంవత్సరానికి 365 రోజులు. కనుక ఒక్కొక్క కార్తె సుమారు పదమూడున్నర రోజులు. మే చివర వచ్చే రోహిణిలో రోళ్ళు పగులుతాయని సామెత. ఆ దినాలలో రామగుండంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశిస్తుంది; నైరుతి ఋతుపవనం ఆ తరువాత కొద్ది దినాలకే ఈ సీమను చేరుతుంది. మృగశిరనాడు చేపలు తినడం, ఆషాఢంలో పోచమ్మకు బోనం ఎత్తడం, ఇవన్నీ తొలి వానలతో పెనవేసుకొన్న ఆచారాలు. ఏడాది వర్షంలో సుమారు ఐదింట నాలుగు వంతులు జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే కురుస్తుంది.

వానలు వెనుదిరిగే వేళ బతుకమ్మ వస్తుంది. గునుగు మెట్ట చేలలో తనంతట తాను మొలిచే కలుపుమొక్క. తంగేడు బీడుభూముల పొద. రెండూ వానలకు ఏపుగా పెరిగి, ఈ వేళకు విరగబూస్తాయి. చెరువులు నిండి ఉంటాయి కనుక పూలు నిమజ్జనం చేయడానికి నీరూ ఉంటుంది.

ఐతే ఈ పండుగ చాంద్రమానాన్ని అనుసరిస్తుంది. పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులే. ఏటా పదకొండు రోజుల తరుగు. అందుచేతనే బతుకమ్మ 2023లో అక్టోబరు 14న, 2024లో అక్టోబరు 2న, 2025లో సెప్టెంబరు 21న ఆరంభమైనది. ఈ తరుగు ఇలాగే సాగితే కొన్నేళ్ళకు బతుకమ్మ నడివేసవిలో, పూలు లేని నేలపై వచ్చేది. సుమారు 32, 33 నెలలకొకసారి అధిక మాసాన్ని చేర్చి మన పూర్వులు పండుగను పూలకు ముడివేశారు.

మేడారం జాతర కూడ ఇటువంటిదే. రెండేళ్ళకొకసారి మాఘ పౌర్ణమి వేళ, పంటలు ఇంటికి చేరి, వాగులు తగ్గి, అడవిదారులు ఆరిన తరువాత అది జరుగుతుంది. శ్రావణంలో ఐతే అంతటి జనం ఆ అడవిని చేరడమే కష్టం.

పంచాంగం నేలను విడిచిపోతే ఏమౌతుంది? మారిషస్ ద్వీపం ఇందుకు ఉదాహరణ. 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి వెళ్ళిన తెలుగువారి సంతతి నేటికీ అక్కడ ఉగాది జరుపుకొంటున్నది. కాని ఆ ద్వీపం భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నది. ఇక్కడ వసంతమైనప్పుడు అక్కడ వేసవి వానలు ముగిసి శరత్తు ఆరంభమౌతుంది. మామిడి కాపు అక్కడ నవంబరు, జనవరి నెలల మధ్య. పండుగ నిలిచినది, దానికి పుట్టుకనిచ్చిన ఋతువు మాత్రం వెంట రాలేదు.

బొగ్గు సీమలో నేల మారలేదు, కాని నేల రూపు మారుతున్నది. 1970 దశకం నుంచి సింగరేణిలో ఓపెన్‌కాస్టు గనులు పెరిగినవి. నేడు ఉత్పత్తిలో అధిక భాగం వాటిదే. దీనితో కార్మికుడు తిరిగి ఆకాశం క్రిందికి వచ్చాడు. వేసవిలో మజ్జిగ పంపిణీ, పనివేళల సర్దుబాటు అవసరమైనవి. వానాకాలంలో గుంతలలో నీరు చేరి, దారులు బురదై, ఉత్పత్తి తగ్గుతుంది. 2022 జూలైలో గోదావరికి మహా వరద వచ్చి, భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు ఓపెన్‌కాస్టు గనులలో త్రవ్వకం స్తంభించినది. రైతువలెనే గని కార్మికుడూ మబ్బు చూచి పనిదినాలు లెక్కించుకోవలసి వచ్చినది.

మరొక వంక, ఓపెన్‌కాస్టు గని వ్యాపించినచోట మెట్ట చేలు, బీళ్ళు, చెరువులు పోతాయి. మిగిలిన చేలలో కలుపు మందులు గునుగును మొలవనీయవు. ఒకనాడు చేని గట్టున కోసుకొన్న పువ్వును నేడు పట్టణ స్త్రీలు అంగడిలో కొంటున్నారు. బొగ్గును మండించగా వెలువడే బొగ్గుపులుసు వాయువు భూమిని వేడెక్కించి, వానల తీరును మార్చుతున్నదని శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఈ సీమకు అన్నం పెట్టిన బొగ్గే ఈ సీమ పండుగలకు ఆధారమైన ఋతువును కదలించుతున్నది. ఇందులోని చిక్కు ఇదే.

అధిక మాసం చంద్రుని తరుగును సరిదిద్దగలదు. వాన తప్పిన కాలాన్ని సరిదిద్దలేదు. తొలి వాన ఏనాడు కురిసినది, తంగేడు ఏనాడు పూచినది, గునుగు ఎక్కడ మిగిలినది అని ప్రతి ఏడూ వ్రాసి ఉంచడం ఏ ఉన్నత పాఠశాలకైనా సాధ్యమే. ఒక నోటు పుస్తకం, ఒక వర్షమాపకం, ఓపిక గల విద్యార్థులు చాలు. పదేళ్ళు గడిచేసరికి ఆ పుస్తకమే ఈ సీమ వాతావరణ చరిత్రలో ఒక అధ్యాయమౌతుంది.