ఉపన్యాసానికి వోచరు ఏది?

మన భిలాయిలో తెలుగువాళ్ళ సభలకు కొదవ లేదు. ఉగాదికి ఒకటి, ఎవరైనా రిటైరైతే ఒకటి. వక్తను మెచ్చుకునేటప్పుడు "ఏం గొంతండీ, ఏం ధాటి!" అంటాం. ఏం చెప్పాడని అడిగితే మాత్రం తడుముకుంటాం. ఉపన్యాస కళ నేర్పే పుస్తకాలు కూడా నిలబడే తీరు, చేతులు కదిపే తీరు, గొంతు పెంచే చోటు గురించే ఎక్కువ చెబుతాయి.

నేను కామర్స్ చదివి, రక్షణ శాఖ లెక్కల్లో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ఎంత ముచ్చటైన దస్తూరీతో రాసిన బిల్లయినా వోచరు లేకపోతే మా దగ్గర పాసయ్యేది కాదు. ఉపన్యాసాన్నీ ఆ కళ్ళతోనే చూస్తాను. అలా చూస్తే చరిత్రలో పనికొచ్చే పాఠం ఒకటి రాజమండ్రిలో ఉంది.

వితంతు పునర్వివాహ చట్టం 1856లోనే వచ్చింది. 23 ఏళ్ళు గడిచినా గోదావరి తీరంలో అది కాగితం మీదే ఉంది. రాజమండ్రిలో తెలుగు పండితుడిగా పనిచేస్తున్న కందుకూరి వీరేశలింగం 1879 ఆగస్టులో ఈ విషయం మీద బహిరంగ సభలో మాట్లాడాడు. ఇంగ్లీషులో మాట్లాడితేనే గౌరవమని చదువుకున్నవాళ్ళు అనుకునే రోజులవి. ఆయన తెలుగులో చెప్పాడు. అడ్డు చెప్పేది ఇంట్లో పెద్దలు, పురోహితులు. వాళ్ళకు అర్థం కాని భాషలో ఎంత గొప్పగా చెప్పి ఏం లాభం?

ఇక రుజువు సంగతి. ఆయన పరాశర స్మృతి లాంటి ధర్మశాస్త్రాలనే ముందు పెట్టాడు. అంతకుముందు 1855లో బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పట్టిన దారి కూడా అదే. ఇక్కడ మన హేతువాద మిత్రులకు అభ్యంతరం రావచ్చు. శాస్త్రాన్ని ప్రమాణంగా ఒప్పుకుంటే మన వాదం ఏమైనట్టు? అభ్యంతరం సరైనదే. మనం ఒక శ్లోకం చూపిస్తే ఎదుటివాడు ఇంకొకటి చూపిస్తాడు. జరిగిందీ అదే. ప్రతిపక్ష పండితులు ఖండనలు రాశారు. వీరేశలింగం అక్టోబరులో రెండో ఉపన్యాసమిచ్చి, ఆ ఆక్షేపణలను ఒక్కొక్కటే తీసుకుని జవాబు చెప్పాడు. వక్తలు నేర్చుకోవలసిన రెండో సంగతి ఇది: ఎదుటివాడి ప్రశ్నను తప్పించుకోకూడదు, చిన్నది చేసి చూపకూడదు.

అయినా శ్లోకాల లెక్క తేలలేదు. దాన్ని తేల్చింది 1881 డిసెంబరు 11. ఆ రోజు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించాడు. పోలీసు కాపలా కావలసి వచ్చింది. విద్యార్థులు అండగా నిలిచారు. పెళ్ళికి వెళ్ళినవాళ్ళను వెలివేశారు. భయపడి ప్రాయశ్చిత్తం చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. అయినా పెళ్ళిళ్ళు ఆగలేదు. వితంతువుకు పెళ్ళి చేస్తే లోకం తలకిందులవుతుందన్న మాటకు అంతకంటే గట్టి జవాబు ఏముంటుంది? నా దృష్టిలో ఆ ఉపన్యాసాలకు వోచరు శ్లోకం కాదు, ఆ పెళ్ళి.

ఇదంతా పాతకాలపు కథ అనుకునేవాళ్ళు మన ఊరి చుట్టుపక్కలే చూడవచ్చు. భిలాయి ఫర్నేసులకు ఖనిజం పంపిన దల్లీ రాజహరాలో 1977లో గని కార్మికులను కూడగట్టిన శంకర్ గుహ నియోగి బెంగాలీ. ఒకప్పుడు ఇదే స్టీల్ ప్లాంటులో పనిచేసినవాడు. ఆయన కార్మికుల మధ్యే బతికి, వాళ్ళ ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడాడు. కూలి పెంచమని యజమానులను అడగడంతో సరిపెట్టుకోలేదు. పెరిగిన కూలి సారా దుకాణం పాలు కాకూడదని సొంత మనుషులకే చెప్పాడు. చప్పట్లు రాని మాట చెప్పడానికి ధైర్యం కావాలి. 1977 కాల్పుల్లో చనిపోయిన కార్మికుల పేరు మీద 1983లో షహీద్ ఆస్పత్రి లేచింది. దాన్ని కట్టుకున్నది కార్మికులే. 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నియోగిని కాల్చి చంపారు. ఆయన చెప్పినవన్నీ నేను ఒప్పుకోను. కానీ ఆ మాటల వెనక ఏముందని అడిగితే చూపించడానికి ఒక ఆస్పత్రి ఉంది.

మరి మనం? బాబాల గుట్టు విప్పే సభల్లో నిమ్మకాయ కోసి "రక్తం" చూపిస్తాం. కత్తికి ముందే పూసిన మందార రసం పులుపు తగిలి ఎర్రబడుతుందని చెబుతాం. జనం చప్పట్లు కొడతారు. కానీ బాబా చేసినప్పుడూ ఈ జనమే చప్పట్లు కొట్టారు కదా! మనమూ చూపించి నమ్మమంటే తేడా ఏముంది? కాబట్టి నేను చెప్పేదొకటే. కత్తి శ్రోతల చేతికివ్వండి. మందార రసం వాళ్ళతోనే పూయించండి. నిమ్మకాయ వాళ్ళనే కొయ్యమనండి. తర్వాత మైకు కూడా వాళ్ళకే ఇచ్చి, ఎంత చికాకు ప్రశ్న వేసినా కూర్చుని వినండి. గొంతు బాగుందా లేదా అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.