తంబూరాకు కుచ్చులు

కుప్పం దగ్గర మా గుడుపల్లె పక్క భజన గుళ్లలో తంబూరాను ఉట్టిగా గోడకు తగిలించరు. దానికో గవుసెన ఉంటుంది. దండి కొసన పట్టుదారం కుచ్చులు వేలాడుతుంటాయి. భజన రోజు బుర్రకు గంధం పెట్టి, కుంకుమ బొట్టు దిద్ది, ఏకాదశైతే పూలదండ కూడా వేస్తారు. మంగళహారతి అయ్యాక పూలు తీసేసి, బొట్టును తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, మళ్లీ గవుసెన తొడుగుతారు. సింగారం ఎంత చేసినా, తెల్లారేసరికి కొయ్య మీద దాని జాడ ఉండకూడదు. మా నాయన దర్జీ. ఈ గవుసెనలూ కుచ్చులూ ఆయనే కుట్టి ఇచ్చేవాడు. ఆయన మిషను మీదే ఇప్పుడు నేను కుడుతున్నాను.

తీసేయడానికి వీలైన సొమ్ములే ఎందుకు పెట్టారో గుడిలో నాలుగు రోజులు కూర్చుంటే తెలిసిపోతుంది. తంబూరా ఏ ఒక్కరిదీ కాదు. పాడే పెద్దాయన కాలం చేస్తే ఇంకొకరి భుజం మీదికి వెళుతుంది. తత్త్వాలు పాడేవాళ్లలో గురువు నుంచి శిష్యుడికి వెళుతుంది. పేరు చెక్కించిన తంబూరా మా చుట్టుపక్కల నా కంటపడలేదు. పేరు కావాలంటే గవుసెన మీద కుట్టించుకునేవాళ్లు. నాయన పెట్టెలో పాత గవుసెనలు ఇంకా ఉన్నాయి. అన్నిటికంటే పాతవి ముతక నూలుగుడ్డవి, తర్వాతవి ఎర్ర వెల్వెట్, ఆ తర్వాతవి శాటిన్. కొన్నిటి మీద పేరు తెలుగులో ఉంది, కొన్నిటి మీద అరవంలో, ఒకటి కన్నడంలో. పాడినవి మాత్రం చాలామట్టుకు తెలుగు తత్త్వాలే. మూడు రాష్ట్రాలు కలిసే మూలన ఉన్న ఊళ్ల కథ ఈ గుడ్డముక్కల మీద ఉంది. ఊరి పేరు, ఇంటి పేరు, ఎవరి జ్ఞాపకార్థం కుట్టించారో ఆ మాట, అన్నీ దారంతో. నాకైతే అవి శాసనాలే.

ఆ తత్త్వాల్లో ఎక్కువ భాగం కైవారం తాతయ్యవి. కోలారు దాటి చింతామణి వైపు వెళితే కైవారం వస్తుంది. తాతయ్య అసలు పేరు నారాయణప్ప. గాజులమ్మి బతికిన మనిషి, వైరాగ్యం కలిగి తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పాడు. 1726లో పుట్టి 1836 దాకా, అంటే 110 ఏళ్లు బతికాడని భక్తులు చెప్పుకుంటారు. గురుపూర్ణిమకు అక్కడ మూడు రోజులు రేయింబవళ్లు ఆగకుండా సంగీతం జరుగుతుంది. మా పక్క నుంచి వెళ్లేవాళ్లు ముందుగా మా ఇంటికొచ్చి కుచ్చులు మార్పించుకునేవాళ్లు. ఆడవాళ్ల చేతులకు గాజులమ్మినవాడి పాట పాడేటప్పుడు తంబూరా బోడిగా ఉండకూడదని నాయన పట్టుదల. నాకూ అదే పట్టుదల వచ్చింది.

కుచ్చులకు పట్టు ఎక్కడిదంటారా? కుప్పం, పలమనేరు, మదనపల్లె అంతా మల్బరీ తోటల సీమ. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె మగ్గాల దగ్గర చీర కోసి దించాక పడుగు కొసలు మిగులుతాయి. నాయన వాటిని తూకానికి తెచ్చేవాడు. రంగులు కలవకుండా వేరుచేసి, అరచేతి వెడల్పు అట్టముక్కకు చుట్టి, పైన గట్టిగా ముడేసి, కింద కత్తిరిస్తే కుచ్చు తయారు. ముడి దగ్గర జరీ పోగుతో నాలుగు చుట్లు. చూస్తే సులువే, బరువు దగ్గరే పనితనమంతా ఉంది. కుచ్చు బరువైతే పాడేవాడు దండిని భుజానికి ఆనించుకున్నప్పుడు ఊగి బిరడలకు తగులుతుంది. బిరడ కదిలితే శ్రుతి పోతుంది. అందుకే బిరడలన్నిటికీ పైన, దండి చిట్టచివర, తంతి మోగని చోటే కట్టాలి. గజ్జెలు కడతామని కొందరు అడిగేవాళ్లు. నాయన ఒప్పుకునేవాడు కాదు. గజ్జె కాలికో చిడతకో సరిపోతుంది, శ్రుతి పట్టే వాద్యం మీద రెండో చప్పుడు ఉండకూడదనేవాడు.

తంబూరాలో తంతులను మోసే గుర్రం మీద, తంతి కింద ఒక సన్నటి నూలుపోగు ఉంటుంది. కొత్తగా చూసిన పిల్లలు అదీ సింగారమే అనుకుని లాగేస్తారు. అది జీవా. అది తంతికీ గుర్రానికీ మధ్య సరైన చోట కూర్చుంటేనే తంబూరాకు ఆ జుమ్మనే నాదం వస్తుంది. వెంట్రుకవాసి జరిపినా నాదం మారిపోతుంది. గుర్రానికి కిందుగా తంతులకు ఎక్కించిన పూసలూ అంతే. కంటికి నగల్లా ఉంటాయి, పని మాత్రం శ్రుతిని సన్నగా సరిచేయడం. దర్జీ చేయి పెట్టకూడని చోట్లు ఇవి. నాయన నాకు సూది ఇవ్వకముందే వీటిని చూపించాడు.

పొదుగు పని వేరు. తంజావూరు, మైసూరు వీణలకూ తంబూరాలకూ అంచుల్లో ఏనుగు దంతంతో పూలూ తీగలూ పొదిగేవాళ్లు. ఆ పనితనం గొప్పది, కాదనను. కానీ దాన్ని ఊడదీస్తే కొయ్యకు గాయమే. దంతానికైతే కాలం కూడా చెల్లింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1986 సవరణతో మన దేశపు ఏనుగు దంతం వ్యాపారం ఆగింది, 1991లో ఆఫ్రికా దంతానికీ అదే గతి పట్టింది. ఇప్పుడు అంచులకు తెల్ల ప్లాస్టిక్ వేస్తున్నారు. మా భజన గుళ్లకు దంతం కొనే తాహతు ఎన్నడూ లేదు కాబట్టి, ఆ చట్టం వచ్చినట్టు మా కుచ్చులకు తెలియనే లేదు.

తంబూరాల తర్వాత గిటారు కూడా మా ఇంటికి వచ్చింది, కోలారు బంగారు గనుల నుంచి. మా పల్లెల వాళ్లు ఎందరో అక్కడ గనుల్లో పని చేశారు. ఆంగ్లో ఇండియన్లు ఉన్న ఊరు కావడంతో క్రిస్మస్‌కు అక్కడ గిటార్లు మోగేవి. ఒక గని కార్మికుడి కొడుకు గిటారుకు భుజంపట్టీ కుట్టమని అడిగితే నాయన మొదట చూసింది తంతులు ఎక్కడ ఆగుతాయన్నదే. పట్టీ కొసకు నాడా పెట్టి, తల దగ్గర, తంతుల కిందుగా, మెడ మొదలయ్యే చోట ముడేశాడు. ఆ నాడాకే చిన్న కుచ్చు వేలాడదీశాడు. 2001లో గనులు మూతబడ్డాక ఆ కుటుంబాలు బెంగుళూరుకు చెదిరిపోయాయి. ఇప్పుడు పట్టీలు కుట్టించుకోవడానికి వచ్చేది బెంగుళూరులో చదివే పిల్లలే.

వాద్యాన్ని ఇలా సింగారించే వరస మా ఒక్కరిదే కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. జర్మనీలో 1901లో బెర్లిన్ పక్కన స్టెగ్లిట్జ్‌లో వాండర్‌ఫోగెల్ అని కుర్రకారు సంఘం మొదలైంది. కొండలూ అడవులూ కాలినడకన తిరుగుతూ పాడేవాళ్లు. తమ ల్యూట్‌ల, గిటార్ల మెడలకు బుటా కుట్టిన రంగురంగుల రిబ్బన్లు కట్టుకునేవాళ్లు. మా గవుసెనల మీద పేర్లు కుట్టించినవాళ్లకు ఆ పిల్లలు దగ్గరివాళ్లుగా తోచారు. అమెరికాలో వుడీ గత్రీ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఫాసిస్టులను చంపే యంత్రం ఇదేనని తన గిటారు మీదే రాసి పెట్టుకున్నాడు. పాడేవాడు తానెవరో, ఎటువైపో వాద్యం మీద చూపించుకోవాలనుకోవడం మనిషికి సహజం. దాన్ని నేను ఆడంబరమనుకోను.

సింగారమంటే అంత ఇష్టమున్నా, గిటారు మీద స్టిక్కర్లు అంటిస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను. గిటారులో మోగేది ముందు పలక. దాని మీద అంటించిన ప్రతిదీ బరువే. పైగా జిగురు మెరుగులో దిగిపోతుంది. పాత రకం లాకర్ వేసిన గిటార్లకు రబ్బరు ఆనినా మచ్చ పడుతుంది. మొన్నొక పిల్లవాడు ముందు పలక నిండా అద్దాలు అంటించమని తెచ్చాడు. ‘అత్తా, వినాయక చవితికి ఒక్క రాత్రికే’ అన్నాడు. ఒక్క రాత్రికైతే గుడ్డే మేలని చెప్పి, గాజుబిళ్లలు కుట్టిన వెడల్పాటి పట్టీ ఇచ్చాను. గిటారు తలకు మూడు కుచ్చులు కట్టాను. అద్దాలన్నీ భుజం మీదికీ వీపు మీదికీ వచ్చేలా కుట్టాను, కొయ్యకు ఆనే చోట లోపల ఉన్ని లైనింగ్ వేశాను. పండగ అయ్యాక పట్టీ విప్పి మడతేసి పెట్టుకోమన్నాను. వచ్చే ఏడు రంగు మార్చాలంటే కుచ్చులు మాత్రం తెస్తే చాలు, గిటారు తేనక్కర్లేదు.