బంగారు అరటిపండు

ఆఫీసులో నేను రాసేది ర్యాంకింగ్ కోడు. ఏది పైన కనపడాలి, ఏది కిందకి పోవాలి అని తేల్చే పని. లోపల ఎంత హంగామా ఉన్నా చివరికి అక్కడ కూర్చునేది ఒక సగటే. అందుకేనేమో, 2012 నాటి ఒక చిన్న పోటీ ఫలితాలు నన్నింకా వదలట్లేదు.

ఇంటరాక్టివ్ ఫిక్షన్ అంటే అక్షరాలతోనే నడిచే ఆట లాంటి కథ. ఏం చెయ్యాలో మనం చెప్తుంటే కథ ముందుకెళ్తుంది. 'జోర్క్' అమ్మిన ఇన్ఫోకామ్ 1989లో మూతపడ్డాక ఈ కథలకి మార్కెట్ దాదాపు పోయింది, అభిమానులు మిగిలారు. గ్రాహమ్ నెల్సన్ 1993లో 'ఇన్‌ఫార్మ్' అనే పరికరాన్ని ఉచితంగా ఇచ్చాడు. 1995లో కెవిన్ విల్సన్ పోటీ మొదలుపెట్టాడు. మొదటి ఏడు వచ్చినవి పన్నెండే.

మన పత్రికల దీపావళి పోటీల్లోలా ముగ్గురు న్యాయనిర్ణేతలు తలుపేసుకుని తేల్చేది కాదు. ఎవరైనా మార్కులు వెయ్యొచ్చు. రెండు గంటలు ఆడి, ఒకటి నుంచి పది లోపు ఒక అంకె. సగటు ఎక్కువ వచ్చినవాళ్ళు గెలిచినట్టు.

పదిమందీ ఐదు వేసిన కథకి సగటు ఐదు. ఐదుగురు ఒకటి, ఐదుగురు తొమ్మిది వేసినా ఐదే. మొదటిది ఎవరికీ గుర్తుండదు. రెండోదాని గురించి స్నేహితులు మాట్లాడుకోవడం మానేస్తారు. ఈ సంగతి ఆ జనానికి తెలుసు. అందుకే స్టాండర్డ్ డీవియేషన్ అందరికంటే ఎక్కువున్న రచనకి సరదాగా 'గోల్డెన్ బనానా ఆఫ్ డిస్కార్డ్' అని ఒక బిరుదు పెట్టుకున్నారు. గ్రీకు పురాణంలో దేవతల మధ్య తగువు పెట్టిన బంగారు ఆపిల్‌కి వెక్కిరింత అన్నమాట.

సగటు ప్రతిసారీ కొత్తదాన్ని తొక్కేస్తుందని కాదు. 1998లో పజిల్స్ దాదాపు లేని 'ఫోటోపియా' గెలిచింది. అరటిపండు దక్కినవన్నీ గొప్పవనీ కాదు, కొందర్ని నవ్వించి కొందర్ని చిరాకుపెట్టే చవకబారు జోకు కూడా డీవియేషన్ తెచ్చుకోగలదు.

2012లో ఆ పండు పోర్పెంటైన్ రాసిన 'హౌలింగ్ డాగ్స్'కి పడింది. టైప్ చేసే ఆజ్ఞల్లేవు, ట్వైన్‌లో చేసిన లింకులే. చీకటి గదిలో బందీ. తిండి, నీళ్ళు, తర్వాత మరో లోకంలోకి తీసుకెళ్ళే యంత్రం. తిరిగొచ్చేసరికి గదిలో చెత్త పెరిగి ఉంటుంది. పోటీలో దాని స్థానం పదకొండు. అదే ఏడాది రచనలకిచ్చిన జిజ్జీ అవార్డుల్లో ఉత్తమ కథ, ఉత్తమ రచన రెండూ దానికే!

జనం అభిరుచి అంతలో మారిపోలేదు. లెక్కపెట్టే పద్ధతి వేరు. పోటీలో నచ్చనివాళ్ళ 'రెండు' వచ్చి, నచ్చినవాళ్ళ 'పది'ని కిందకి లాగుతుంది. జిజ్జీలో ఎవరికి నచ్చినదాన్ని వాళ్ళు ఎంచుకుంటారు, నచ్చనివాళ్ళు ఇంకోటి ఎంచుకుంటారు, అంతే. "పాపులర్" అని మనం తేలిగ్గా అనేసే మాట వెనక ఏ లెక్క ఉందో నేనెప్పుడూ అడగలేదు. నా జీతం వచ్చేది ఆ లెక్కతోనే అయినా.

నేను చేసిన తప్పు కూడా అలాంటిదే. ఆ ఏటి ఫలితాల్లో మొదటి పది డౌన్‌లోడ్ చేసుకుని, చాల్లే అనుకున్నాను. పదకొండోది చదవడానికి నాకు ఏళ్ళు పట్టింది.

నన్నడిగితే తొమ్మిది. పక్కన కూర్చుని చదివిన మా ఆవిడ మూడిచ్చింది. "ఆ గదిలోకి మళ్ళీ మళ్ళీ ఎందుకు రావాలి?" అంది. అందుకే రావాలి అన్నాను. ఇద్దరం ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.