ఒకే చెట్టు కింద రెండు జాతులు: మలేసియా తోటల్లో మనవాళ్ళ కథ

పోస్టు కొంచెం పెద్దదే, పనులు అయ్యాక తీరిగ్గా చదవండి.

మన ఊళ్ళల్లో రచ్చబండ దగ్గర ఒక మాట ఎప్పుడూ వినపడుతుంది. "వాళ్ళు కష్టపడే జాతి అండీ, అందుకే పైకొచ్చారు. వీళ్ళకి ఎంత ఇచ్చినా నిలవదు." కులాల గురించి అంటారు, పక్క జిల్లా వాళ్ళ గురించి అంటారు, వలస కూలీల గురించి అంటారు. ఇది నిజమో కాదో తేలాలంటే ఒకటే దారి. ఒకే నేల, ఒకే వాన, ఒకే పంట ఉన్నచోట రెండు జాతులు పక్కపక్కన పనిచేసి ఉండాలి. ఎవరు ఏమయ్యారో చూడాలి. అలాంటి చోటు మలేసియా. ఒక జాతి అక్కడి మలయులు, రెండోది ఇండియా నుంచి వెళ్ళిన వాళ్ళు. ఆ రెండోదాంట్లో మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. పంటలు రబ్బరు, పామాయిలు. చింతలపూడి, జంగారెడ్డిగూడెం, అశ్వారావుపేట వైపు వాళ్ళకి పామాయిలు గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

మనవాళ్ళు ఎందుకు వెళ్ళారు

రబ్బరు చెట్టు బ్రెజిల్‌ది. గింజలు 1876లో లండన్ చేరాయి, మొక్కలు 1877లో సింగపూర్ వచ్చాయి. 1900 దాటాక మోటారు కార్ల టైర్లకి గిరాకీ పెరగడంతో ఇంగ్లీషు కంపెనీలు మలయాలో అడవులు కొట్టి వేల ఎకరాల్లో తోటలు వేశాయి. పామాయిలు కూడా వ్యాపారానికని మొదట 1917లో సెలంగార్‌లోని తెన్నమరం ఎస్టేట్‌లో వేశారు.

మరి కూలీలు? మలయులకి ఊళ్ళో సొంత వరిచేను ఉంది, చేపలవేట ఉంది, ఇంటి చుట్టూ కొబ్బరి, పండ్లచెట్లు ఉన్నాయి. తెల్లారకముందే గంట కొడితే వరసలో నిలబడి దొర చెప్పిన పని చెయ్యాల్సిన ఖర్మ వాళ్ళకి లేదు. వాళ్ళు రాలేదు. రాలేదు కాబట్టి దొరలు వాళ్ళకి "సోమరులు" అని పేరు పెట్టారు. ఆ మాట వందేళ్ళు నిలిచింది. సయ్యద్ హుసేన్ అలాటస్ అనే పండితుడు 1977లో దీనిమీద ఒక పుస్తకమే రాశాడు. సొంత పొలం ఉన్నవాడు పరాయి తోటలో కూలికి రాకపోతే దాన్ని సోమరితనం అని ఎలా అంటారు? మీరే చెప్పండి.

అప్పుడు దొరల కన్ను మన మద్రాసు ప్రెసిడెన్సీ మీద పడింది. ఎక్కువమంది తమిళులు. వాళ్ళతోపాటు ఇప్పటి శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి తెలుగువాళ్ళు కూడా ఓడలెక్కారు. మొదట్లో ఒప్పంద కూలీ పద్ధతి ఉండేది, దాన్ని 1910లో ఆపారు. తర్వాత కంగాణి పద్ధతి నడిచింది. కంగాణి అంటే మన మేస్త్రీ లాంటివాడు. తన ఊరికొచ్చి, తన చుట్టాల్నీ తెలిసినవాళ్ళనీ పోగుచేసి తీసుకెళ్ళేవాడు. 1938లో ఇండియా ప్రభుత్వం ఈ కూలీ వలసని ఆపింది.

మనవాళ్ళ దగ్గర సెంటు భూమి లేదు, కరువులు చూసినవాళ్ళు, నెత్తిమీద అప్పు ఉన్నవాళ్ళు. అందుకే గంట కొడితే లేచారు. దొరలు వాళ్ళకి "అణకువ గల జాతి" అని పేరు పెట్టారు. భూమి ఉన్నవాడు సోమరి, భూమి లేనివాడు అణకువ! రెండు పేర్లూ పెట్టింది ఒకే దొర.

ఒకరికి భూమి చట్టం, ఒకరికి లైన్ ఇల్లు

1913లో మలయ్ రిజర్వేషన్ చట్టం వచ్చింది. గుర్తించిన ప్రాంతాల్లో మలయుల భూమి బయటివాళ్ళకి అమ్మకూడదు. మన ఏజెన్సీలో 1/70 ఉంది కదా, ఇంచుమించు అదే ఆలోచన. తమిళనాడు చెట్టియార్లు అక్కడ పెద్ద వడ్డీవ్యాపారులు. భూములు తాకట్టుపడి చేతులు మారుతున్నాయని 1933లో ఆ చట్టాన్ని ఇంకా బిగించారు. అయితే దానికీ ఒక ఇబ్బంది ఉంది. కొనేవాళ్ళు తక్కువైతే ధర తక్కువ, అప్పు కూడా తక్కువే పుడుతుంది. అయినా భూమి మాత్రం చెయ్యి జారలేదు.

ఇంకోటి కూడా గమనించండి. ఇండియా వాళ్ళంతా ఒకటే అనుకోకూడదు. చెట్టియారూ ఇండియా వాడే, తెల్లారకముందే రబ్బరు చెట్టుకి గాటు పెట్టే కూలీ కూడా ఇండియా వాడే.

ఎస్టేట్‌లో మనవాళ్ళు ఎలా బతికారంటే, ఇల్లు కంపెనీది, వరసగా కట్టిన లైన్లు. కంపెనీయే బడి పెట్టాలని చట్టం ఉంది, పెట్టింది కూడా. కాకపోతే అందులో నాలుగు అక్షరాలు వస్తే మళ్ళీ ఆ తోటలోకే కూలీగా పోవడం. గుడి ఉంది, కల్లు దుకాణం కూడా ఉంది. పొద్దున ఇచ్చిన కూలి సాయంత్రం అక్కడికే చేరేది. అన్నీ లోపలే. బయట ప్రపంచంతో పని లేదు, సంబంధమూ లేదు. పని పోయిన రోజు ఇల్లు కూడా పోతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, కథ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు, 1942-43లో, సయాం-బర్మా రైలుమార్గం కట్టడానికి ఈ ఎస్టేట్ల నుంచే పదుల వేలమంది కూలీల్ని పట్టుకుపోయారు. చాలామంది తిరిగి రాలేదు. ఆ రైలుమార్గం అంటే తెల్ల సైనికుల సమాధులే అందరికీ గుర్తు. మన కూలీలు ఎక్కడ పడ్డారో అడిగిన వాళ్ళు తక్కువ.

1956: పది ఎకరాలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. స్వాతంత్ర్యానికి ఏడాది ముందు, 1956 జులై 1న, ఫెల్డా అనే సంస్థ పుట్టింది. భూమి లేని పేదలకి అడవి కొట్టి తోటలు వేసి ఇవ్వడం దాని పని. దీన్ని వెనకుండి నడిపించిన నాయకుడు అబ్దుల్ రజాక్, తర్వాత ప్రధానమంత్రి అయ్యాడు. ఒక్కో కుటుంబానికి సుమారు 10 ఎకరాల రబ్బరు గానీ పామాయిలు గానీ, ఇంటికి పావు ఎకరం. కాయ వచ్చేదాకా బతకడానికి నెలనెలా భత్యం. ఊరికి రోడ్డు, బడి, ఆస్పత్రి. గెలలు ఆడించడానికి సంస్థదే ఫ్యాక్టరీ. పెట్టిన ఖర్చుని అప్పుగా రాసి, గెలల డబ్బులోంచి ఏళ్ళ తరబడి కోసుకుని, తీరాక పట్టా. పామాయిలు రైతుకి చెప్పాలా, గెల కోసిన రోజే ఫ్యాక్టరీకి చేరకపోతే నూనె నాణ్యత పోతుంది. మొక్క, అప్పు, రోడ్డు, ఫ్యాక్టరీ, పట్టా అన్నీ ఒక గొలుసుగా ఇచ్చారు. అది అక్కడి ప్రత్యేకత.

1990లో కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేనాటికి 300 పైచిలుకు స్కీముల్లో లక్షా 12 వేల పైన కుటుంబాలు చేరాయి. నూటికి తొంభై అయిదుకు పైగా మలయులే.

అదే సమయంలో ఎస్టేట్లలో ఏం జరిగింది? స్వాతంత్ర్యం వస్తుందని భయపడి ఇంగ్లీషు కంపెనీలు తోటల్ని అమ్ముకోవడం మొదలుపెట్టాయి. కొన్నవాళ్ళు ముక్కలుగా కోసి మళ్ళీ అమ్మారు. చిన్న ముక్క కొన్నవాడికి ఇంతమంది కూలీలతో పనిలేదు. కూలీ పోయింది, లైన్ ఇల్లు పోయింది. ఆ తర్వాత, 1969లో, పౌరసత్వం లేనివాళ్ళు పనిచెయ్యాలంటే పర్మిట్ ఉండాలన్నారు. రెండు తరాలుగా అక్కడే ఉన్నా పౌరసత్వ కాగితం చేయించుకోని కూలీలు వేలల్లో ఉన్నారు. సుమారు 60 వేలమంది ఇండియాకి తిరిగొచ్చేశారని అంచనా. తోటంతా వాళ్ళ చేతుల మీద పెరిగిందే, వాళ్ళ చేతిలో కాగితం మాత్రం లేదు.

ఊరికే కూర్చోలేదు లెండి. మలయా ఇండియన్ కాంగ్రెస్ నాయకుడు వి.టి. సంబంధన్ 1960లో ఒక భూసహకార సంఘం పెట్టి, ఎస్టేట్ ఎస్టేట్‌కీ తిరిగి, కూలీల దగ్గర వాయిదాల మీద పది పది చొప్పున వాటా డబ్బు పోగుచేసి, అమ్మకానికి వచ్చిన తోటల్ని కొన్నాడు. చాలా కుటుంబాలు రోడ్డున పడకుండా ఆగాయి. కానీ అక్కడ కూడా పట్టా సంఘం పేరనే ఉంది. కూలీ వాటాదారు అయ్యాడు గానీ రైతు కాలేదు.

లెక్కల్లో ఏం కనపడుతుంది, ఏం కనపడదు

1969 మే 13న కౌలాలంపూర్‌లో జాతుల మధ్య గొడవలయ్యాయి. దాని తర్వాత 1971లో కొత్త ఆర్థిక విధానం తెచ్చారు. జాతి ఏదైనా పేదరికం పోవాలి, ఏ వృత్తి ఏ జాతిదో అన్న గుర్తు చెరిగిపోవాలి అని రెండు లక్ష్యాలు చెప్పారు. 1970లో మలయా ద్వీపకల్పంలో దాదాపు సగం కుటుంబాలు, 49 శాతం, పేదరికంలో ఉన్నాయి. మలయుల్లో 65 శాతం, ఇండియా వాళ్ళలో 39, చైనా వాళ్ళలో 26. 1990 నాటికి మొత్తం పేదరికం 15 శాతం దగ్గరికి దిగింది. ఇది చిన్న విషయం కాదు, ఒప్పుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కుంది, జాగ్రత్తగా చూడండి. 1970లో నెలకి సగటు కుటుంబ ఆదాయం మలయులకి 172 రింగిట్లు, ఇండియా వాళ్ళకి 304, చైనా వాళ్ళకి 394. ఈరోజుకీ సగటున ఇండియా వాళ్ళే మలయుల కంటే కొంచెం పైన. మరి ఇండియా వాళ్ళకి కష్టం ఏమిటి అని ఎవరైనా అడగొచ్చు. ఆ సగటులో లాయర్లు, డాక్టర్లు, వడ్డీవ్యాపారులు, రైల్వే గుమాస్తాలు అందరూ ఉన్నారు. ఎస్టేట్ కూలీ వాళ్ళ నీడలో కనపడకుండా పోయాడు. విధానం చేసేవాళ్ళు జాతి సగటు చూశారు, "ఇండియా వాళ్ళు ఫర్వాలేదు" అనుకున్నారు. మన దగ్గరా అంతే కదా. ఒక కులంలో పది కుటుంబాలకి మేడలుంటే, అదే కులంలో చెంబు తాకట్టు పెట్టుకునే వంద కుటుంబాలు లెక్కలోకి రావు.

1980ల నుంచి ఎస్టేట్లు ఊళ్ళయ్యాయి, కాలనీలయ్యాయి, గోల్ఫ్ మైదానాలయ్యాయి. ఇప్పుడు మలేసియా ప్రభుత్వం నడిచే పుత్రజయ నగరం ఒకప్పుడు ప్రాంగ్ బెసార్ అనే రబ్బరు ఎస్టేట్. అక్కడి కూలీ కుటుంబాల్ని దెంగ్కిల్‌లో అపార్ట్‌మెంట్లలోకి మార్చారు. కొన్నేళ్ళకే గోడలు బీటలిచ్చాయి. భూమి విలువ వందరెట్లు పెరిగింది, మూడు తరాలు దాన్ని పెంచినవాళ్ళకి దాంట్లో వాటా లేదు. ఎక్కడికి పోతారు? పట్నాల అంచున గుడిసెలు, చిన్న పనులు, పిల్లల చదువులు మధ్యలో ఆగిపోవడం. 2007 నవంబర్ 25న కౌలాలంపూర్ వీధుల్లోకి వేలమంది ఇండియా సంతతి జనం వచ్చి, హింద్రాఫ్ పేరుతో ఊరేగింపు తీశారు. ఆ కోపం వెనకాల ఉన్నది ఈ కథే.

ఫెల్డా రైతు కథ కూడా కంచికి వెళ్ళలేదు

అలాగని మలయ్ రైతు సుఖంగా ఉన్నాడనుకోకండి. పామాయిలు 25 ఏళ్ళు దాటాక తీసి కొత్తగా వెయ్యాలి. మళ్ళీ కాయ వచ్చేదాకా ఆదాయం లేదు. ఆ నాలుగేళ్ళకి సంస్థ దగ్గర అప్పు చేశారు. పది ఎకరాలని ముక్కలు చేయకూడదని నియమం, నలుగురు పిల్లలుంటే ముగ్గురు పట్నం దారి పట్టాల్సిందే. 2012లో ఫెల్డా వ్యాపారాన్ని షేర్ మార్కెట్‌లో పెట్టారు. అప్పటికి ఆ ఏడాది ప్రపంచంలో ఫేస్‌బుక్ తర్వాత అంత పెద్దది అదే. రైతు కుటుంబాలకి 15 వేల రింగిట్ల చొప్పున పంచారు. తర్వాత షేర్ ధర పడిపోయింది, షేర్లు కొన్న రైతులకి అప్పు మిగిలింది. 2021లో 830 కోట్ల రింగిట్ల అప్పులు మాఫీ చేస్తామని ప్రభుత్వం ప్రకటించాల్సొచ్చింది. అయినా చూడండి, అప్పుల్లో ఉన్నా ఆ రైతుని ఇంట్లోంచి లేపేవాడు లేడు. ఓటు కోసం ప్రతి పార్టీ ఆయన గుమ్మం ఎక్కాల్సిందే.

ఇంకో మలుపు కూడా ఉంది. ఇప్పుడు ఆ తోటల్లో గెలలు కోసేది చాలావరకు ఇండోనేసియా, బంగ్లాదేశ్ కూలీలు. వాళ్ళతో బలవంతపు చాకిరీ చేయిస్తున్నారన్న కారణంతో 2020లో అమెరికా ఫెల్డా నుంచి పుట్టిన ఆ కంపెనీ పామాయిలుని ఆపేసింది. వందేళ్ళ కింద మనవాళ్ళు నిలబడ్డ చోట ఇప్పుడు ఇంకో జాతి నిలబడింది. చూస్తుండండి, రేపు వాళ్ళకి కూడా "అణకువ గల జాతి" అన్న పేరు వస్తుంది.

మనకి దీంట్లో ఏముంది

ఒకే చెట్టు, ఒకే వాన. ఒకరికి పట్టా, ఫ్యాక్టరీ, ఓటు ఉన్నాయి. ఇంకొకరికి కూలి, లైన్ ఇల్లు. యాభై ఏళ్ళలో వచ్చిన తేడాకి రక్తంతో పనిలేదు. చదువు దొరికి ఎస్టేట్ దాటి బయటపడ్డ తెలుగు, తమిళ పిల్లలు అక్కడే డాక్టర్లయ్యారు, ఇంజినీర్లయ్యారు. జాతి గుణమే కారణమైతే అది ఎలా సాధ్యం?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మన చేలల్లో సగానికి సగం దున్నేది ఎవరు? కౌలు రైతు. పంట నష్టం వస్తే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? పాస్‌బుక్ ఎవరి పేరున ఉంటే వాళ్ళకి. ఆంధ్రాలో 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం రావాలంటే యజమాని సంతకం కావాలి. మనలో ఎంతమందిమి ఆ సంతకం పెడుతున్నాం? "పెడితే భూమి పోతుందేమో" అని భయం. ఆ పత్రం పదకొండు నెలలకే, దాంతో భూమి మీద హక్కు రాదని చట్టంలోనే ఉంది. అయినా పెట్టం. పెట్టకుండా, వాడు అప్పులపాలైతే "వాళ్ళంతేనండీ, నిలుపుకోలేరు" అంటాం.

పామాయిలు వేసిన సోదరులకి ఒక మాట. ఇరవై ఏళ్ళ తోట ఉన్నవాళ్ళు తిరిగి నాటే ఖర్చుకి ఇప్పటినుంచే గెలల డబ్బులో కొంత పక్కన పెట్టుకోండి. ఫెల్డా రైతు మునిగింది సరిగ్గా అక్కడే.

ఈ ఖరీఫ్‌కి మీ చేను కౌలుకి ఇచ్చి ఉంటే, ఆ కాగితం మీద సంతకం పెట్టండి. పదకొండు నెలల సంతకంతో మనకి పోయేదేమీ లేదు, వాడికి బ్యాంకు తలుపు తెరుచుకుంటుంది.

ఉంటాను. జై కిసాన్.