కడుపులో మిగిలిన కిరసనాయిలు

"బర్నరు కాలకుండా పంపు కొట్టకురా, కొంపంటుకుంటుంది." పంపు స్టవ్ వెలిగించిన ప్రతిసారీ మా అమ్మ అనే మాట ఇది. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఇన్‌స్ట్రక్టరుగా చేరి, చివరి ఆరేళ్లు ఓ బుల్లి జెట్ ఇంజనుకు కాపలా కాశాక అర్థమైంది, దాని మాన్యువల్‌లో సగం అమ్మ చెప్పిందేనని.

ఆ ఇంజను హార్లిక్స్ సీసా కంటే కాస్త పెద్దది. ముందు గాలిని నొక్కే చక్రం, వెనక వేడిగాలికి తిరిగే చక్రం, రెండింటికీ ఒకటే ఇరుసు. మధ్యలో మంట గది. అందులో వేలెడు గొట్టాలుంటాయి. కిరసనాయిలు వాటిలో కాగి ఆవిరై మండుతుంది. పంపు స్టవ్ బర్నరు చేసే పనీ అదే. స్వీడన్‌లో 1892లో లిండ్‌క్విస్ట్ తయారుచేసిన ప్రైమస్ స్టవ్ నుంచి నడుస్తున్న కిటుకది. గొట్టం చల్లగా ఉంటే ఆవిరి రాదు, చమురు చమురుగానే కారి ఇంజను కడుపులో మడుగు కడుతుంది. అందుకే ముందు గ్యాసుతో వెలిగించి, గొట్టాలు కాగాకే కిరసనాయిలు వదలాలి.

ఈ మడుగు మొదట భయపెట్టింది సాక్షాత్తూ ఫ్రాంక్ విటిల్‌నే. అయిదు పౌండ్ల రుసుము కట్టలేక 1935లో జెట్ ఇంజను పేటెంటును చేజార్చుకున్న బ్రిటిష్ వైమానిక దళం అధికారి ఆయన. 1937 ఏప్రిల్ 12న రగ్బీ ఊళ్లోని బీటీహెచ్ కార్ఖానాలో తన ఇంజనును మొదటిసారి నడిపాడు. వేగం ఉన్నట్టుండి పెరిగిపోయింది. విటిల్ చమురు వాల్వు కట్టేశాడు. అయినా ఇంజను ఆగదే! కేక పెడుతూ ఇంకా వేగం పుంజుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు తలో దిక్కూ పరుగెత్తారు. లీకైన చమురు మంట గది అడుగున చేరి ఉంది. వాల్వు మూసినా ఇంజను తింటున్నది ఆ నిల్వనే. తర్వాత అడుగున చమురు కారిపోయే దారి పెట్టారు.

బొమ్మ విమానాల వాళ్ల చేతికి ఈ ఇంజను రావడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. 1983లో ఇంగ్లండులో ఒకటి ఎగిరింది. కానీ ఇంట్లో చేసుకోవచ్చని నిరూపించింది జర్మనీకి చెందిన కుర్ట్ ష్రెక్లింగ్. ఆయన ముందు చక్రాన్ని దేనితో చేశాడనుకున్నారు? ప్లైవుడ్‌తో! చుట్టూ కార్బన్ పోగు బిగించాడు. వెనక చక్రాన్ని ఉక్కు రేకు కోసి, రెక్కలు మెలితిప్పి చేశాడు. నాకు విటిల్ కంటే ఈయనంటేనే ముచ్చట. తర్వాత థామస్ కాంప్స్ వంటివాళ్లు బజారులో దొరికే టర్బోచార్జర్ చక్రం వాడి, నమూనా గీతలు పుస్తకంగా వేశారు. కేజే-66 అలా వచ్చిందే, 66 అంటే ఆ చక్రం వ్యాసం, మిల్లీమీటర్లలో. నిమిషానికి 1,10,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు 380 మీటర్లు పోతుంది, శబ్దం కన్నా వేగంగా. అందుకే చక్రాలకు సరిగ్గా పక్కన ఎవరినీ నిలబడనిచ్చేవాణ్ణి కాదు. చక్రం పగిలితే ముక్కలు వచ్చేది అటే.

నూటికి అయిదు పాళ్లు ఆయిలు కలిపిన కిరసనాయిలు దీని మేత. బేరింగులకు తైలం అందులోంచే అందాలి. పెట్రోలులో ఆయిలు కలిపి నా చేతక్ స్కూటరుకు పోసిన రోజులు గుర్తొచ్చేవి.

ఓ మధ్యాహ్నం స్టార్టు తప్పింది. నేను రిజిస్టరు తేవడానికి వెళ్లాను, తప్పు నాదే. ఓ కుర్రాడు మళ్లీ మీట నొక్కాడు. వెనక గొట్టంలోంచి గజం పొడవు పసుపు మంట! వాడు కరెంటే తీసేయబోయాడు. "మోటారు ఆపకు, చమురు ఒక్కటే కట్టు!" అని అరిచాను. ఇరుసును తిప్పే స్టార్టు మోటారు గాలి తోస్తుంటేనే లోపలి వేడి బయటికి పోతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరుతో ముందు నోట్లోకి రెండుసార్లు కొట్టాక చల్లారింది. పొడి సిలిండరు వాడి ఉంటే మంటతోపాటు ఇంజనూ పోయేది. వేడి నూరు డిగ్రీల కిందికి దిగేదాకా మోటారు తిప్పుతూనే ఉన్నాం. తర్వాత బల్ల మీంచి విప్పి వంచితే, అర గ్లాసుడు కిరసనాయిలు కారింది.

ఆ కుర్రాడు ఇప్పుడు ఎక్కడున్నాడో గానీ, నా తర్వాత ల్యాబుల్లో ఉన్న తమ్ముళ్లకు ఒక్క మనవి: స్టార్టు తప్పిన ఇంజనుకు రెండోసారి మీట నొక్కేముందు, దాన్ని ఒకసారి వంచి చూడండి.